బిల్లు కోసం చెప్పిన నంబరు

పాఠకుల ప్రశ్నలు – న్యాయవాది సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయానికి సంబంధించినవి. దుకాణంలో పనిచేసేవారు కొనుగోలుదారుల ఫోన్ నంబర్లను సొంతానికి వాడుకోవడం గురించి బాధపడినవారు రాశారు, ఒక దుకాణదారు కూడా రాశారు. అందుచేత మిగిలిన ఉత్తరాలను వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ నాలుగింటికే సమాధానాలు ఇస్తున్నాను. రాసినవారిని గుర్తుపట్టే వివరాలను తొలగించాము.

ప్రశ్న: దసరాకు ముందు హనుమకొండలోని ఒక బట్టల షోరూంలో రెండు చుడీదార్లు కొన్నాను. కౌంటరులో ఫోన్ నంబరు అడిగితే చెప్పాను. ఒకదానికి చేతులు కుట్టి ఇంటికే పంపుతామంటే చిరునామా కూడా రాసిచ్చాను. ఆ రాత్రి పదిన్నరకు తెలియని నంబరు నుంచి ‘మేడమ్, ఆ నెమలి రంగు డ్రెస్ మీకు చాలా బాగుంది’ అని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. ఫొటో చూస్తే మాకు బట్టలు చూపించిన కుర్రాడే. నేను జవాబివ్వలేదు. మర్నాడు ‘గుడ్ మార్నింగ్’ అన్నాడు, సాయంత్రం ‘కోపం వచ్చిందా?’ అన్నాడు. బ్లాక్ చేస్తే మరో నంబరు నుంచి మొదలుపెట్టాడు. నాలుగో రోజున అతని స్నేహితుడినంటూ ఇంకొకరు ‘మావాడు మంచివాడు, ఒక్కసారి మాట్లాడి చూడండి’ అని రాశారు. అమ్మ నంబరు మార్చేయమంటోంది, నాన్నకు మాత్రం చెప్పవద్దంటోంది. ఇంట్లో నాకు సంబంధాలు చూస్తున్నారు. అడగగానే నంబరు చెప్పడం నా తప్పేనా? ఇది కేసు అవుతుందా?

సమాధానం: అమ్మా, మీ తప్పు ఏమీ లేదు. మిమ్మల్ని ఓదార్చడానికి ఈ మాట అనడం లేదు. మీ ఫిర్యాదు మొత్తం ఈ మాట మీదనే నిలబడుతుంది కాబట్టి ముందుగా చెబుతున్నాను. మీరు నంబరు ఇచ్చింది దుకాణానికి. ఇచ్చింది బిల్లు కోసం, కుట్టిన బట్ట ఇంటికి చేర్చడం కోసం. ఆ కుర్రాడికి ఆ నంబరు కంటపడింది అక్కడ ఉద్యోగం చేస్తున్నందువల్లనే. ఉద్యోగం వల్ల తెలిసిన విషయాన్ని రాత్రి పదిన్నరకు తన సొంత ఫోనులోకి ఎక్కించుకునే హక్కు అతనికి మీరూ ఇవ్వలేదు, దుకాణమూ ఇవ్వలేదు.

నిజానికి బిల్లు కొట్టడానికి ఫోన్ నంబరు అవసరమే లేదు. నంబరు చెప్పకపోతే బిల్లు రాదని చాలా దుకాణాలు పట్టుబడుతున్నాయని ఫిర్యాదులు రావడంతో, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలో వ్యాపారులను హెచ్చరించింది. అలా పట్టుబట్టడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుందని అప్పుడు స్పష్టం చేసింది. ఆ హెచ్చరిక వచ్చిన తరువాత కూడా కౌంటర్ల దగ్గర పెద్దగా మార్పు కనబడదు. పాయింట్లనో, ఆఫర్లనో చెప్పి అడుగుతూనే ఉన్నారు, మనమూ వెనుక పదిమంది నిలబడి ఉండగా పది అంకెలూ గట్టిగా చదివి వినిపిస్తూనే ఉన్నాము. కంప్యూటరులోకి తొంగి చూడవలసిన పని కూడా లేకుండా, పక్కన నిలబడి వింటే చాలు. మీ నంబరు ఏ దారిన బయటికి వెళ్లిందో తెలియదు గానీ, చిరునామా రాసిచ్చిన కాగితాన్ని ఫోనుతో ఫొటో తీసుకోవడం అన్నిటికన్నా తేలిక.

ఇక కేసు విషయం. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 78 మీకు వర్తిస్తుంది. పాత శిక్షాస్మృతిలో ఇదే 354డి. స్త్రీ తనకు ఆసక్తి లేదని స్పష్టంగా తెలియజేసిన తరువాత కూడా, ఆమెతో వ్యక్తిగత పరిచయం పెంచుకోవడానికి పురుషుడు పదేపదే సంప్రదించినా, సంప్రదించడానికి ప్రయత్నించినా అది వెంటాడటం అనే నేరం. మొదటిసారి మూడేళ్ల వరకు జైలుశిక్ష, జరిమానా ఉంటాయి. మొదటిసారికి బెయిలు లభిస్తుంది. రెండోసారి నేరం రుజువైతే శిక్ష అయిదేళ్ల వరకు వెళుతుంది, అప్పుడు బెయిలు హక్కుగా రాదు.

ఇందులో ‘స్పష్టంగా తెలియజేసిన తరువాత’ అన్న మాటను మీరు పట్టించుకోవాలి. మీరు భయంతో మౌనంగా ఉన్నారు, ఆ తరువాత బ్లాక్ చేశారు. బ్లాక్ చేయడం కూడా వద్దని చెప్పడమేనని నేను కోర్టులో వాదించగలను, వాదిస్తాను కూడా. అయితే అవతలి న్యాయవాది ‘ఆమె వద్దని ఎప్పుడూ అనలేదు కదా’ అని అడగకుండా ఉండడు. అతనికి ఆ సందు ఇవ్వకండి. ఇప్పుడు వాడుతున్న నంబరుకు ఒకే ఒక్కసారి ఇలా రాయండి: ‘నా నంబరును మీరు దుకాణంలో తీసుకున్నారు. మీతో మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ఇకపై ఏ నంబరు నుంచీ, ఎవరి ద్వారానూ నన్ను సంప్రదించవద్దు.’ తిట్టవద్దు, బతిమాలవద్దు, కారణాలు చెప్పవద్దు. అతను క్షమించమని రాసినా దానికి జవాబు ఇవ్వకండి. క్షమాపణతో మళ్లీ సంభాషణ మొదలుపెట్టడం ఇలాంటివారికి అలవాటైన పద్ధతి.

బ్లాక్ చేయడానికి ముందు ప్రతి మెసేజికీ నంబరు, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసుకోండి. ఆ స్నేహితుడి మెసేజిని తప్పకుండా దాచండి. అసలు చాట్‌ను చెరిపివేయవద్దు, కేసు తేలేదాకా ఆ ఫోనును అమ్మవద్దు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం జత చేయవలసి ఉంటుంది, దానికి అసలు పరికరం మీ దగ్గర ఉంటే పని సులువవుతుంది. దుకాణం బిల్లు రంగు వెలిసిపోయే కాగితం మీద ఉంటుంది కాబట్టి ఈ రోజే దాన్ని కూడా ఫొటో తీసి పెట్టుకోండి.

తరువాత దుకాణం యాజమాన్యానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఒంటరిగా వెళ్లి కౌంటరు దగ్గర అడగవద్దు, ఆ కుర్రాడిని నిలదీయవద్దు. మేనేజరుకూ, ప్రధాన కార్యాలయం ఉంటే దానికీ ఈమెయిల్ పంపి, బిల్లు నంబరు, తేదీ, వచ్చిన మెసేజ్‌లు జతచేయండి. ఆ రోజు సీసీటీవీ దృశ్యాలను భద్రపరచమని, మీ నంబరునూ చిరునామానూ వారి దగ్గర తొలగించి ఆ మాట రాతలో తెలియజేయమని అడగండి. సీసీటీవీ దృశ్యాలు కొన్ని రోజులకు వాటంతటవే చెరిగిపోతాయి కాబట్టి ఆలస్యం చేయవద్దు. పోలీసు కేసుకు పదేపదే జరగడం ముఖ్యం గానీ, దుకాణానికి ఫిర్యాదు చేయడానికి మొదటి ఒక్క మెసేజ్ చాలు.

పోలీసుల దగ్గరికి వెళ్లడానికి దుకాణం జవాబు కోసం ఆగనక్కరలేదు. 2014 అక్టోబరులో హైదరాబాదులో మొదలై తరువాత తెలంగాణ అంతటికీ విస్తరించిన, స్త్రీలను వేధించేవారిని అడ్డుకునే షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు మీ వరంగల్ కమిషనరేట్‌లోనూ పనిచేస్తున్నాయి. చాలా సందర్భాలలో వారు ఆ వ్యక్తినీ అతని కుటుంబాన్నీ పిలిపించి కౌన్సెలింగ్ ఇస్తారు. అది చాలనుకుంటే సరే, చాలదనుకుంటే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయమని అడిగే హక్కు మీకుంది. సెక్షన్ 78 కింద ఫిర్యాదు చేసే స్త్రీ వాంగ్మూలాన్ని మహిళా పోలీసు అధికారి గానీ, మరో మహిళా అధికారి గానీ నమోదు చేయాలని, కేసుల నమోదు, దర్యాప్తు పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173 చెబుతోంది. ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపడానికి కూడా ఆ సెక్షన్ ఒప్పుకోదు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపితే మూడు రోజులలోగా వెళ్లి సంతకం చేయాలి. అతను ఇంటి ముందుకు వచ్చిన మరుక్షణం మాత్రం 112కు ఫోన్ చేయండి. మహిళా హెల్ప్‌లైన్ 181. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే ఇబ్బందిలో ఉన్నవారికి 2025 మార్చిలో వచ్చిన శక్తి యాప్ ఉంది.

దుకాణం మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా అని మీరు అడగలేదు గానీ, అడగవలసిన ప్రశ్నే. వినియోగదారుడు నమ్మకంతో ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని ఇతరులకు వెల్లడించడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం నిర్వచనాలలోనే ఉంది. మీ నంబరు ఆ స్నేహితుడి దాకా వెళ్లింది కాబట్టి ఆ నిబంధనను ఆధారం చేసుకోవచ్చు. ‘అది మా ఉద్యోగి సొంతంగా చేసిన పని’ అని దుకాణం తప్పుకోజూస్తుంది. సమాచారాన్ని కాపాడకపోవడం సేవాలోపమేనని మనం బదులు చెప్పవలసి ఉంటుంది. మీరు కొన్న వస్తువుల విలువకు ఫిర్యాదు రుసుము ఉండదు, గడువు రెండేళ్లు. ముందుగా 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి. పెద్ద పరిహారం వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

చివరగా అమ్మగారి మాట. ఈ రోజుల్లో నంబరు మార్చడమంటే బ్యాంకు, ఆధార్, గ్యాస్, ఉద్యోగం అన్నిటి దగ్గరా మార్చుకుంటూ తిరగడం. తప్పు చేసినవాడు హాయిగా ఉండగా ఆ తిప్పలన్నీ మీరెందుకు పడాలో నాకు అర్థం కాదు. పైగా అతని దగ్గర మీ చిరునామా ఉంది, అది సిమ్ కార్డుతో మారదు. కాబట్టి నాన్నగారికి చెప్పండి. రేపు అతను గుమ్మం ముందు నిలబడితే, విషయం ముందే తెలిసిన తండ్రి మీ పక్కన ఉంటారు. అప్పుడే మొదటిసారి వినే తండ్రి మిమ్మల్నే ప్రశ్నించవచ్చు. అమ్మగారు భయపడుతున్నది కూడా బహుశా ఆ ప్రశ్నకే.

ప్రశ్న: తెనాలిలో నాకు చిన్న చీరల దుకాణం ఉంది, తొమ్మిదిమంది పనివాళ్లు. కొత్త సరుకు వచ్చినప్పుడు మా సేల్స్ కుర్రాళ్లు తమ ఫోన్లలోంచే కస్టమర్లకు వాట్సాప్‌లో ఫొటోలు పంపుతుంటారు. వారిలో ఒకడు ఒకామెకు పిచ్చి మెసేజ్‌లు పెట్టాడు. ఆమె అన్న వచ్చి పదిమందిలో గొడవ చేశాడు. నేను ఆ రోజే కుర్రాడికి లెక్క చూసి పంపేశాను. అతని ఇంటి చిరునామా ఇవ్వమని ఆ అన్న ఇప్పటికీ అడుగుతున్నాడు. నా బాధ్యత ఇక్కడితో తీరినట్టేనా?

సమాధానం: తీరలేదండీ. మీరు పంపేసింది కుర్రాడిని మాత్రమే. మీ కస్టమర్ల నంబర్లన్నీ అతని జేబులోని ఫోనులో అతనితోపాటే బయటికి వెళ్లాయి. అతని కన్నా ముందు మీ దగ్గర మానేసినవారి ఫోన్లలోనూ ఉండే ఉంటాయి. మీ దుకాణంలో అసలు లోపం ఒక కుర్రాడి బుద్ధి కన్నా ఈ ఏర్పాటులోనే ఎక్కువగా ఉంది. దుకాణం పేరిట సిమ్ తీసుకుని, ఒక ఫోను కొని, అందులో బిజినెస్ వాట్సాప్ పెట్టి, రాత్రి దుకాణం మూసేటప్పుడు ఆ ఫోను గల్లాపెట్టెలోనే ఉండిపోయేలా చూడండి. ఒక మంచి పట్టుచీర ధర కన్నా ఎక్కువ ఖర్చు కాదు. పనివాళ్లు తమ ఫోన్లలోని నంబర్లను మీ ఎదుట తొలగించాలి. కస్టమర్ల వివరాలను సొంతానికి వాడుకోబోమని వారి చేత రాయించి సంతకం తీసుకోండి. రాయించిన కాగితం వల్ల కుర్రాళ్లు మారిపోతారని నేను అనను. రేపు కమిషన్ ముందు మీరు జాగ్రత్త పడ్డారని చూపడానికి అది పనికివస్తుంది.

నంబరు అడిగే పద్ధతినీ మార్చండి. బిల్లుకు అడగవద్దు. కొత్త సరుకు ఫొటోలు కావాలనే వారినే, ఆ పని కోసమేనని చెప్పి అడిగి, వారే రాసేలా చూడండి. వద్దన్న రోజున తీసేయండి. 2023 ఆగస్టులో ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కోరేది కూడా స్థూలంగా ఇదే: ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలి, అందుకే వాడాలి, పని తీరాక తొలగించాలి, పోకుండా కాపాడాలి. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. మీవంటి వ్యాపారులకు వర్తించే ముఖ్య నిబంధనలు అప్పటి నుంచి పద్దెనిమిది నెలలకు, అంటే 2027 మే నెలలో అమలులోకి వస్తాయి. సమాచారాన్ని కాపాడలేకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయలని చదివి గుండె పట్టుకోకండి. తప్పు తీవ్రతను బట్టి మొత్తాన్ని నిర్ణయించాలని చట్టమే చెబుతోంది. కలంతో రాసిన పుస్తకానికి ఆ చట్టం వర్తించదు గానీ, అందులోని నంబర్లను ఫోనులోకి ఎక్కించిన క్షణం నుంచి వర్తిస్తుంది. ఆ జరిమానా ప్రభుత్వానికి వెళుతుంది తప్ప మీ కుర్రాడి వల్ల బాధపడిన స్త్రీకి ఆ చట్టం కింద ఒక్క రూపాయి కూడా రాదు. ఇది దానిలో పెద్ద లోపమని నా అభిప్రాయం.

అన్నగారికి కుర్రాడి చిరునామా ఇవ్వకండి. ఒకరి వివరాలు బయటికి పొక్కినందుకు మరొకరి వివరాలు బయటపెట్టడం పరిష్కారం కాదు, కొట్లాట జరిగితే అందులో మీరూ ఇరుక్కుంటారు. పోలీసులు రాతపూర్వకంగా అడిగితే ఇవ్వండి. ఆమెకు మాత్రం మీరే స్వయంగా క్షమాపణ ఉత్తరం రాయండి, ఆమె నంబరును తొలగించామని అందులో చెప్పండి. అన్నతో మాట్లాడారు, కుర్రాడితో మాట్లాడారు గానీ ఆమెతో ఎవరూ మాట్లాడినట్టు మీ ఉత్తరంలో కనబడలేదు.

ఈ సందర్భంలో ఒక పాత సంగతి గుర్తుకు వస్తోంది. ఉత్తరప్రదేశ్‌లో కొన్ని మొబైల్ రీచార్జి దుకాణాలు అమ్మాయిల నంబర్లను వారి అందాన్ని బట్టి 50 నుంచి 500 రూపాయల దాకా ధర కట్టి అమ్ముతున్నాయని 2017లో పత్రికలు బయటపెట్టాయి. ఆ తరువాత ఒక టెలికాం సంస్థ, స్త్రీలు తమ అసలు నంబరు దుకాణదారుకు చెప్పకుండానే రీచార్జి చేయించుకునే ఏర్పాటు తెచ్చింది. నంబరు కనబడకుండా వ్యాపారం నడపడం సాధ్యమేనని చెప్పడానికే దీన్ని ప్రస్తావించాను.

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లండులో ఎం.ఎస్. చదువుతోంది. పిజ్జా తెచ్చిన డెలివరీ కుర్రాడు ఆర్డరులోని నంబరుకు రెండుసార్లు మెసేజ్ పెట్టాడు, బయట కలుద్దామంటున్నాడు. పరాయి దేశంలో ఫిర్యాదు చేస్తే వీసాకు ఇబ్బంది వస్తుందేమోనని భయంగా ఉంది. – ఒక తల్లి, నిజామాబాద్

సమాధానం: బాధితురాలిగా ఫిర్యాదు చేసినందుకు విద్యార్థి వీసాకు ఏ ఇబ్బందీ రాదు, ఆ భయం వదిలిపెట్టండి. అక్కడ ఈ విషయాన్ని తేలికగా తీసుకోరు. వ్యక్తిగత సమాచార రక్షణను పర్యవేక్షించే బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం 2023లో దీనిమీద ప్రత్యేకంగా సర్వే జరిపించింది. వ్యాపార సంస్థలకు తమ వివరాలు ఇచ్చిన 18–34 ఏళ్లవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఇలాంటి ప్రేమ మెసేజ్‌లు వచ్చాయని అందులో తేలింది.

అక్కడి చట్టంలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. 2018 సమాచార రక్షణ చట్టం సెక్షన్ 170 ప్రకారం, సంస్థ అనుమతి లేకుండా దాని దగ్గరున్న వ్యక్తిగత సమాచారాన్ని తీసుకున్న ఉద్యోగి స్వయంగా నేరస్థుడు అవుతాడు. శిక్ష జరిమానాతో సరిపోయినా, నేరం అతని పేరు మీదే నమోదవుతుంది. మన కొత్త సమాచార రక్షణ చట్టం సంస్థను పట్టుకుంటుంది గానీ, నంబరు ఎత్తుకుపోయిన ఉద్యోగిని ఇలా నేరుగా పట్టుకోదు. మీ అమ్మాయి ముందుగా పిజ్జా సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, జవాబు సరిగా రాకపోతే ఆ కమిషనర్ కార్యాలయానికి పంపాలి. వద్దన్నాక మళ్లీ మెసేజ్ వస్తే 101కు ఫోన్ చేసి పోలీసులకు చెప్పాలి. వేధింపుల నిరోధానికి అక్కడ 1997 నుంచే చట్టం ఉంది, దాని కింద కనీసం రెండు ఘటనలు ఉండాలి. అతనికి ఇల్లు తెలుసు కాబట్టి, ప్రమాదం అనిపిస్తే వెంటనే 999. విశ్వవిద్యాలయంలోని విద్యార్థి సహాయ విభాగానికి కూడా చెప్పమనండి.

ప్రశ్న: నేను మగవాడిని, వయసు 52. రాజమహేంద్రవరంలో రోజూ టిఫిన్ చేసే చోట ఫోన్‌తో డబ్బు చెల్లిస్తాను. నంబరు ఎవరికీ చెప్పలేదు. అయినా అక్కడి పనివాడొకడు అప్పు కావాలని, చిట్టీలో చేరమని రోజూ మెసేజ్‌లు పెడుతున్నాడు. నంబరు ఎలా తెలిసింది? మాకు చట్టం ఏమైనా ఉందా?

సమాధానం: సెక్షన్ 78 స్త్రీలను వెంటాడిన పురుషులకే వర్తిస్తుంది, మీకు పనికిరాదు. బెదిరింపులకు దిగితే సెక్షన్ 351 కింద ఫిర్యాదు చేయవచ్చు. అంతవరకు యజమానికి చెప్పడం, 1915లో నమోదు చేయించడం, మెసేజ్‌లు భద్రపరచడం మీరూ చేయదగినవే. ముక్కూమొహం తెలియనివారి చిట్టీలో చేరవద్దని వేరే చెప్పనక్కరలేదు.

నంబరు చాలావరకు మీ చెల్లింపు నుంచే తెలిసి ఉంటుంది. చాలామంది యూపీఐ ఐడీ మొదట్లో వారి ఫోన్ నంబరే ఉంటుంది. మీరు స్కాన్ చేస్తున్నది వ్యాపార ఖాతా కాకుండా ఆ పనివాడిదో, యజమానిదో సొంత ఖాతా అయితే, డబ్బు అందుకున్నవారికి ఆ ఐడీ కనబడవచ్చు. కొన్ని యాప్‌లలో అక్కడి నుంచే మెసేజ్ కూడా పంపవచ్చు. మీ యాప్‌లో ప్రొఫైల్‌లోకి వెళ్లి, నంబరు లేని కొత్త యూపీఐ ఐడీ తయారుచేసుకుని దాన్నే ప్రధాన ఐడీగా పెట్టుకోండి. వాట్సాప్‌లో ప్రొఫైల్ ఫొటో మీ కాంటాక్టులకు మాత్రమే కనబడేలా మార్చండి. ఆ మార్పు చేసేదాకా టిఫినుకు చిల్లర ఇవ్వండి.